దిక్కు లేదన్న మాట చెల్లదు: లాయరు కార్యాలయం నుంచి పొక్కిన సమాచారం, బాధితుల హక్కులు

లాయరు కార్యాలయంలోని కంప్యూటరులోకి దొంగలు చొరబడినప్పుడు, లేదా గుమస్తా ఫోనులో దాచిన దస్తావేజుల ప్రతులు పరుల చేతికి చిక్కినప్పుడు, ఆ కాగితాలు ఎవరివో వారు చేయగలిగింది ఏమీ లేదన్న అభిప్రాయం చదువుకున్నవారిలోను, చదువు అంతగా లేనివారిలోను ఒకే తీరుగా పాతుకుపోయి ఉంది. సమాచారం పోయినంత మాత్రాన డబ్బు పోయినట్టు కాదని కొందరు, లాయర్ల మీద ఫిర్యాదు చెల్లదని సుప్రీంకోర్టే తేల్చిందని కొందరు, కొత్త డేటా చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేవరకు పట్టుకోవడానికి ఏ చట్టమూ లేదని మరికొందరు చెబుతారు. దారులు వేరైనా అందరూ చేరేది ఊరుకోవడమే మేలన్న చోటికే. ఈ అభిప్రాయం చట్టం రీత్యా తప్పు, ఆచరణ రీత్యా హానికరం. బాధితుడికి నేరుగా నష్టపరిహారం ఇప్పించే సెక్షను 2009 నుంచి ఈ దేశంలో అమల్లో ఉంది. అది త్వరలో తొలగిపోబోతున్నది. ఆలోగా దాన్ని వాడుకోవలసినవారిని ఆపుతున్నది చట్టంలోని లోపాల కంటె ఈ అపోహే.

ఛత్తీస్‌గఢ్‌లోని రిసాలి వంటి చోట ఈ విషయానికి ఉన్న బరువు వేరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారానికి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు దుర్గ్ జిల్లాలో మూడు తరాలుగా స్థిరపడ్డాయి. 2021 డిసెంబరులో తన నగరపాలక సంస్థకు తొలి ఎన్నికలు జరుపుకొన్న రిసాలిలో నేడు పదవీ విరమణ చేసిన ఒక ఉక్కు కార్మికుడి ఇంటిని తీసుకుంటే, ఆ ఇంటి కాగితాలు సాధారణంగా ఒక్క లాయరు దగ్గరే ఉండవు. గ్రాట్యుటీ, భవిష్య నిధి, పెన్షను వివాదాల పత్రాలు ఒకచోట, టౌన్‌షిప్ క్వార్టరు ఖాళీ చేయమన్న నోటీసు మీద నడిచే వ్యాజ్యం దుర్గ్ కోర్టులో, రిట్ పిటిషను ఉంటే అది బిలాస్‌పూర్ హైకోర్టు లాయరు చేతిలో, సొంత ఊళ్లోని పొలం పంపకాల దావా శ్రీకాకుళం వైపు ప్లీడరు బీరువాలో ఉంటాయి. ప్రతిచోటా అదే ఆధార్ ప్రతి, అదే పాన్ కార్డు, అదే బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, సర్వీసు వివరాలు, ప్రమాదం కేసు అయితే ఆసుపత్రి నివేదికలు, భూమి కేసు అయితే వేలిముద్రలున్న దస్తావేజులు. పెన్షను వంటి వ్యవహారాల్లో పదులకొద్దీ విశ్రాంత ఉద్యోగులు కలిసి ఒకే పిటిషను వేయడం మామూలే గనుక, ఒక్క ఫైలు పొక్కితే అందరి వివరాలూ ఒక్కసారే బయటపడతాయి. ఈ ప్రతులు రాష్ట్రాల మధ్య తిరిగేది రిజిస్టరు పోస్టులో కాదు, వాట్సాప్‌లోను, ఈమెయిల్‌లోను, టైపింగు దుకాణం పెన్‌డ్రైవులోను.

ఇటువంటి కాగితాలు బయటికి పోతే నష్టమేమీ లేదన్న మాటను తెలుగు ప్రాంతాల అనుభవమే తోసిపుచ్చుతుంది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలను తీసి, వాటితో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర వేల సిమ్ కార్డులను చలామణీ చేసినట్టు పోలీసులు బయటపెట్టారు. ఆ తరవాతి సంవత్సరాల్లో అదే కిటుకు ఆధార్ ఆధారిత చెల్లింపుల మీదికి పాకింది. కార్డు, పిన్ లేకుండా ఆధార్ సంఖ్య, వేలిముద్రలతోనే ఖాతా నుంచి డబ్బు తీసుకునే ఈ ఏర్పాటును గ్రామీణుల సౌకర్యం కోసం తెస్తే, దస్తావేజుల మీది వేలిముద్రలను సిలికాన్ పొర మీదికి ఎక్కించి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. 2023లో సైబరాబాద్ పోలీసులు దాదాపు 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలను అమ్మకానికి పెట్టిన వ్యక్తిని అరెస్టు చేసినట్టు ప్రకటించారు. కాబట్టి భూమి కేసు ఫైలు అంటే పాత కాగితాల కట్ట అనుకోవడం ప్రమాదకరమైన అమాయకత్వం; దొంగకు కావలసిన పేరు, ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, వేలిముద్ర అనే నాలుగూ ఒకేచోట దొరికే అరుదైన స్థలం అది.

డబ్బుతో లెక్కకు రాని నష్టం ఇంకా లోతైనది. విడాకుల వ్యాజ్యంలో భార్య తన లాయరుకు చెప్పుకున్న మాట, గృహహింస కేసులో చేర్చిన వైద్య పత్రం, పిల్లల సంరక్షణ వివాదంలో రాసిన ప్రమాణ పత్రం ఎదుటి పక్షానికో బంధువులకో చేరితే జరిగే హానిని ఏ బ్యాంకూ వెనక్కి జమచేయలేదు. అందరూ అందరినీ ఎరిగిన చిన్న టౌన్‌షిప్పులో ఆ హాని ఇంకా త్వరగా పాకుతుంది. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ప్రకటించింది. గోప్యతకు కలిగిన భంగం దానికదే హాని అన్న అవగాహనకు ఆ తీర్పు పునాది వేసింది గనుక, నష్టం రూపాయల్లో కనిపించేదాకా బాధితుడు బాధితుడే కాడన్న వాదానికి ఇక ఆ పాత బలం లేదు.

ఇక చట్టమే లేదన్న వాదన. ఇది అన్నిటికంటె ఎక్కువగా వినిపించేది, అన్నిటికంటె తక్కువ ఆధారం ఉన్నదీ. సమాచార సాంకేతిక చట్టం, 2000లో 43ఏ అనే సెక్షను ఉంది. 2008 సవరణ ద్వారా చేరిన ఇది 2009 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. తన సొంతమైన, తన అదుపులో ఉన్న, లేదా తాను నడిపే కంప్యూటరు వ్యవస్థలో సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని ఉంచుకున్న ‘బాడీ కార్పొరేట్’, తగిన భద్రతా పద్ధతులు పాటించడంలో నిర్లక్ష్యం చూపి, దానివల్ల ఎవరికైనా అన్యాయమైన నష్టం గాని, మరెవరికైనా అన్యాయమైన లాభం గాని కలిగిస్తే, ప్రభావితుడైన వ్యక్తికి పరిహారం చెల్లించాలని ఆ సెక్షను శాసిస్తుంది. బాడీ కార్పొరేట్ అన్న మాట వినగానే పెద్ద కంపెనీలే గుర్తుకు రావడం సహజం. కాని ఆ సెక్షను కిందనే ఇచ్చిన వివరణ ప్రకారం కంపెనీతో పాటు భాగస్వామ్య సంస్థ, ఒకే యజమాని నడిపే సంస్థ, వాణిజ్య లేదా వృత్తిపరమైన కార్యకలాపాలు సాగించే వ్యక్తుల సంఘం కూడా అందులోకి వస్తాయి. వృత్తిపరమైన కార్యకలాపం అన్న మాటను శాసనం స్పష్టంగా చేర్చిన తరవాత, నలుగురు భాగస్వాములున్న న్యాయవాద సంస్థ అందులోకి రాదని చెప్పడానికి ఏ దారీ లేదు. ఒక్క గుమస్తాతో సొంతంగా ప్రాక్టీసు నడిపే లాయరు ఏక యజమాని సంస్థ కిందికి వస్తాడా అన్నది వాదించవలసిన ప్రశ్నే అయినా, శాసనంలోని మాటల విస్తృతి బాధితుడి పక్షానే ఉంది.

ఏది సున్నితమైన సమాచారం అన్నది 2011 ఏప్రిల్‌లో వచ్చిన నియమాలు చెబుతాయి: పాస్‌వర్డులు, బ్యాంకు ఖాతా, కార్డు వంటి ఆర్థిక వివరాలు, శారీరక, మానసిక ఆరోగ్య స్థితి, వైద్య చరిత్ర, లైంగిక ధోరణి, వేలిముద్ర వంటి జీవభౌతిక గుర్తులు. వట్టి ఆధార్ సంఖ్య, వట్టి చిరునామా ఈ జాబితాలో లేవు. ఇది నిజమైన లోపమే, దాన్ని దాచవలసిన పని లేదు. అయితే లాయరు ఫైలులో ఆధార్ సంఖ్య ఒంటరిగా ఉండటం అరుదు, దాని పక్కనే పాసుపుస్తకం పేజీయో ఆసుపత్రి కాగితమో ఉంటుంది. ఆ నియమాల్లోనే బాధితుడికి గొప్ప ఆసరా అయిన మరో మాట ఉంది. సమాచార భద్రతకు భంగం కలిగినప్పుడు, తాను రాసి పెట్టుకున్న భద్రతా విధానం ప్రకారమే జాగ్రత్తలు తీసుకున్నానని చూపించవలసిన బాధ్యత, చట్టబద్ధమైన అధికారి అడిగినప్పుడు, ఆ సంస్థదే. ఎక్కువ లాయరు కార్యాలయాల్లో రాసి పెట్టుకున్న విధానమంటూ ఏదీ ఉండదు గనుక, లాయరు నిర్లక్ష్యాన్ని పామరుడు ఎలా రుజువు చేస్తాడన్న ప్రశ్న చాలావరకు తలకిందులవుతుంది.

ఈ సెక్షను లాయరుకూ కక్షిదారుకూ ఉన్న ఒప్పందం మీద ఆధారపడలేదన్నది అంతగా ఎవరూ గమనించని సంగతి. పరిహారం పొందే అర్హత ప్రభావితుడైన వ్యక్తికి ఉందన్నారే గాని, కక్షిదారుకు మాత్రమే అనలేదు. పొలం పంపకాల కేసులో ప్రతివాది అయిన అన్నగారి ఖాతా వివరాలు, ప్రమాదం కేసులో సాక్షి ఇచ్చిన గుర్తింపు కార్డు, మోటారు ప్రమాద పరిహారం కేసులో మరణించిన వ్యక్తి భార్య వైద్య పత్రాలు ఎదుటి లాయరు కంప్యూటరు నుంచి బయటికి పోతే, ఫీజు చెల్లించనివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నదానికీ సమాధానం స్పష్టమే. 5 కోట్ల రూపాయలకు మించని దావాలను విచారించేది అడ్జుడికేటింగ్ ఆఫీసరు, అంటే ఐటీ చట్టం కింద విచారణ జరిపి పరిహారం నిర్ణయించే అధికారి. 2003 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శే ఆ హోదాలో ఉంటారు. కంప్యూటరు వ్యవస్థ ఉన్న చోటును బట్టి పరిధి నిర్ణయమవుతుంది గనుక, దుర్గ్ లాయరు కార్యాలయం నుంచి పొక్కితే ఛత్తీస్‌గఢ్ కార్యదర్శికి, శ్రీకాకుళం ప్లీడరు కార్యాలయం నుంచి పొక్కితే ఆంధ్రప్రదేశ్ కార్యదర్శికి ఫిర్యాదు వెళ్లాలి. నియమాలు చెప్పిన నమూనాలో తెల్లకాగితం మీద రాసి, కోరిన పరిహారాన్ని బట్టి లెక్కకట్టిన రుసుముతో ఇవ్వవచ్చు. వీలైనంతవరకు నాలుగు నెలల్లో విని తేల్చాలని, మొత్తం వ్యవహారం ఆరు నెలల్లో ముగియాలని అవే నియమాలు అంటాయి. ఆ గడువు ప్రతిచోటా నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఈ వేదిక కాగితం మీది అలంకారం కాదు: ఈమెయిల్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న ఒక ఖాతాదారుకు 12.85 లక్షల రూపాయలు చెల్లించాలని తమిళనాడు అధికారి 2010లో ఐసీఐసీఐ బ్యాంకును ఆదేశించారు, ఆ ఆదేశాన్ని అప్పీలు ట్రిబ్యునల్ 2019లో సమర్థించింది. అంత పెద్ద బ్యాంకును జవాబు చెప్పించిన చట్టం లాయరు గది గుమ్మం దగ్గర ఆగిపోవడానికి కారణం లేదు.

సుప్రీంకోర్టు లాయర్లను తప్పించిందన్న వాదన సగం చదివిన తీర్పు నుంచి పుట్టింది. 2024 మే 14న బార్ ఆఫ్ ఇండియన్ లాయర్స్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయవాది సేవ వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రాదని తీర్పునిచ్చింది. వస్తుందని 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పు దీంతో వీగిపోయింది. కాబట్టి దుర్గ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి సేవాలోపం అని ఫిర్యాదు చేసే దారి మూసుకుపోయిన మాట నిజం. కాని అదే తీర్పు వృత్తి నిపుణులు తమ దుష్ప్రవర్తనకు గాని, పౌర హానికి గాని, నేరానికి గాని జవాబుదారులు కారని అర్థం చేసుకోరాదని కూడా హెచ్చరించింది. మూసినది ఒక్క వేదిక తలుపు మాత్రమే. లాయరు అయినంత మాత్రాన, వృత్తి ధర్మం నిర్వహించడంలో చూపిన నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి దావా నుంచి మినహాయింపు లేదని 1926 నాటి న్యాయవాదుల ఫీజుల చట్టంలోని 5వ సెక్షనే చెప్పింది. 1988లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనును పరిగణనలోకి తీసుకుంది. అంటే ఈ దేశంలో లాయరు మీద నిర్లక్ష్యం దావా వేయవచ్చన్న సూత్రానికి దాదాపు నూరేళ్ల వయసుంది. 43ఏ పరిధిలోకి రాని సమాచారం విషయంలో సాధారణ సివిల్ దావాకు ఆధారం ఇదే, దానికి సాధారణ గడువు మూడేళ్లు.

కొత్త చట్టం గురించి రెండు వ్యతిరేక అపోహలు ఒకేసారి చలామణీలో ఉన్నాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023కు ఆ ఏడాది ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. డేటా రక్షణ బోర్డుకు సంబంధించిన భాగం అప్పుడే అమల్లోకి వచ్చినా, సమాచారం పెట్టుకున్నవారి బాధ్యతలు, పౌరుల హక్కులు, జరిమానాలు మాత్రం పద్దెనిమిది నెలల తరవాత, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. ఆ రోజున అన్నీ చక్కబడతాయని ఆశపడేవారు గమనించని సంగతి ఒకటుంది: తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల వరకు, పొక్కిన సంగతి తెలపనివారికి 200 కోట్ల వరకు జరిమానా ఉన్నా, ఆ సొమ్మంతా 34వ సెక్షను ప్రకారం భారత సంచిత నిధికి పోతుంది. బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం బోర్డుకు లేదు. అంతకుమించి, 43ఏ సెక్షను తొలగింపు కూడా అదే రోజున అమల్లోకి వస్తుంది. పరిహారం ఇచ్చే సెక్షనును తీసివేసి, ఇవ్వని బోర్డును దాని స్థానంలో కూర్చోబెట్టిన ఈ మార్పు పౌరుల పక్షాన చూస్తే వెనకడుగే, దాన్ని అలాగే పేర్కొనాలి. కనుక కొత్త చట్టం వచ్చేదాకా ఆగమన్న సలహా బాధితుడి చేతిలోని హక్కు కాలదోషం పట్టేదాకా ఆగమన్న సలహా. తొలగింపుకు ముందే పుట్టిన హక్కును 1897 నాటి సాధారణ నిబంధనల చట్టంలోని 6వ సెక్షను కాపాడుతుందన్న వాదన బలమైనదే. కాని ఇప్పుడే వేయగలిగిన ఫిర్యాదును రేపటి వాదన మీద నమ్మకంతో వాయిదా వేయడం వివేకం కాదు.

కొత్త చట్టంతో అంతా ముగిసిందని నిరాశపడేవారిదీ తొందరపాటే. బోర్డుకు అధికారమున్న విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదని 39వ సెక్షను అంటుంది. పరిహారం బోర్డు అధికారంలో లేని విషయం గనుక, పరిహారం కోరే దావాకు ఆ నిషేధం తగలదని వాదించడానికి ఆ సెక్షను మాటల్లోనే చోటుంది. వేరు అర్థం చెప్పుకుంటే, హక్కు భంగమైన మనిషికి ఏ కోర్టూ లేని స్థితి వస్తుంది, అలాంటి వ్యాఖ్యానాన్ని న్యాయస్థానాలు సులువుగా ఒప్పుకోవు.

లాయర్లకు సంబంధించి ఇదే చట్టంలో ఒక చిక్కుముడి ఉంది, దాని గురించి చర్చ జరగకపోవడం విచారకరం. చట్టబద్ధమైన హక్కును గాని దావాను గాని సాధించుకోవడానికి అవసరమైన మేరకు సమాచారాన్ని వాడుకుంటే, చట్టంలోని చాలా బాధ్యతల నుంచి 17వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. కక్షిదారు కోసం ఎదుటి పక్షం వివరాలు సేకరించేటప్పుడు ఆ ఎదుటి పక్షం సమ్మతి అడగాలంటే న్యాయవాద వృత్తే సాగదు గనుక, ఈ మినహాయింపు వెనక న్యాయమైన కారణం ఉంది. అయితే మినహాయించిన బాధ్యతల్లో సమాచారం పొక్కినప్పుడు బాధితుడికీ బోర్డుకూ తెలియజేసే బాధ్యత కూడా కలిసిపోయింది. తగిన భద్రత పాటించాలన్న 8వ సెక్షను 5వ ఉపసెక్షను మాత్రం మినహాయింపు నుంచి బయటే ఉంది, అంటే అది లాయరుకూ వర్తిస్తుంది. కాపాడే బాధ్యత ఉండి, పోయినప్పుడు చెప్పే బాధ్యత లేకపోవడం అసంగతం. దీన్ని పార్లమెంటు సరిదిద్దాలి. సరిదిద్దేవరకు, ఈ మినహాయింపు దావాకు అవసరమైన వాడకానికే గాని, కేసు ముగిసి ఐదేళ్లయినా లాప్‌టాప్‌లో పడి ఉన్న ప్రతులకు కాదని బాధితుల పక్షాన గట్టిగా వాదించవలసి ఉంటుంది.

చెప్పే బాధ్యత ఈనాటికి పూర్తిగా లేకపోలేదు. దేశంలో సైబరు ఘటనలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బాడీ కార్పొరేట్‌లు తమ వ్యవస్థలోకి జరిగిన చొరబాటును గమనించిన ఆరు గంటల్లో ఆ సంస్థకు నివేదించాలి. అది బాధితుడికి నేరుగా తెలియజేయడం కాకపోయినా, నివేదించారా లేదా అని లాయరును రాతపూర్వకంగా అడగడానికి, జవాబు రాకపోతే ఆ మౌనాన్నే నిర్లక్ష్యానికి సాక్ష్యంగా అధికారి ముందు పెట్టడానికి పనికివస్తుంది.

లాయరు కూడా దొంగల బాధితుడే కదా, ఆయన్ని శిక్షించడం న్యాయమా అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నలో సానుభూతికి తగిన అంశం ఉంది. జిల్లా కోర్టుల్లో చాలామంది లాయర్ల ఆదాయం స్వల్పం, సాంకేతిక సహాయం అందుబాటులో ఉండదు. అయినా ఇంగ్లండులో తేలిన కేసులు చూస్తే దొంగతనాన్ని ఆపలేకపోవడం, ఆపడానికి కనీస ప్రయత్నం చేయకపోవడం వేర్వేరు తప్పులని అర్థమవుతుంది. టకర్స్ అనే న్యాయవాద సంస్థ మీద 2020 ఆగస్టులో దాడి జరిగి 9,72,191 ఫైళ్లకు తాళం పడింది, 60 కోర్టు కేసుల కట్టలు చీకటి వెబ్‌లో ప్రత్యక్షమయ్యాయి. అక్కడి సమాచార కమిషనరు 2022లో 98,000 పౌండ్ల జరిమానా వేసినది దాడి జరిగినందుకు కాదు, పాస్‌వర్డుతో పాటు రెండో ధ్రువీకరణ అడిగే సాధారణ ఏర్పాటు పెట్టనందుకు, తెలిసిన లోపానికి వచ్చిన సవరణను నెలల తరబడి వేసుకోనందుకు. డీపీపీ లా అనే మరో సంస్థ నుంచి 32 గిగాబైట్ల సమాచారం పోగా, దాన్ని 43 రోజుల తరవాత తెలియజేసినందుకు కూడా కలిపి 2025 ఏప్రిల్‌లో 60,000 పౌండ్ల జరిమానా పడింది. ఇవేవీ కోట్ల ఖర్చుతో కూడిన జాగ్రత్తలు కావు. ఫోనుకు వచ్చే సంకేత సంఖ్యతో ఈమెయిల్‌కు రెండో తాళం వేసుకోవడానికి రూపాయి కూడా ఖర్చు కాదు. ముగిసిన కేసుల ఆధార్ ప్రతులను తుడిచివేయడానికీ కాదు. పైగా లాయరుకు చట్టమే విధించిన గోప్యతా బాధ్యత ఉంది: కక్షిదారు చెప్పినదాన్ని బయటపెట్టరాదని పూర్వపు సాక్ష్య చట్టంలోని 126వ సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షను చెబుతున్నాయి. ఆ రక్షణను ప్రత్యేక హక్కుగా కోరుకునే వృత్తి, ఆ రహస్యాన్ని దాచే పెట్టెకు తాళం వేసే బాధ్యతను తేలికగా తీసుకోలేదు.

బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే సరిపోతుందని ఇంకొందరి సలహా. న్యాయవాదుల చట్టం, 1961లోని 35వ సెక్షను కింద బిలాస్‌పూర్‌లోని రాష్ట్ర బార్ కౌన్సిల్ హెచ్చరించవచ్చు, ప్రాక్టీసు నుంచి కొంతకాలం తప్పించవచ్చు, జాబితా నుంచి పేరే కొట్టివేయవచ్చు. డబ్బు మాత్రం ఇప్పించదు. గుమస్తాయో భాగస్వామో కావాలని సమాచారాన్ని అమ్ముకున్న సందర్భంలో ఈ ఫిర్యాదుతో పాటు, ఐటీ చట్టంలోని 72ఏ కింద క్రిమినల్ కేసుకూ దారి ఉంది. ఒప్పంద సేవలో భాగంగా చేతికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని హాని కలుగుతుందని తెలిసీ బయటపెట్టినవారికి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఖాతా నుంచి అప్పటికే డబ్బు పోయి ఉంటే ఇవన్నీ ఆలోచించే ముందు సైబరు మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయడమే మొదటి పని, ఎందుకంటే మొదటి గంటల్లో మాత్రమే ఆ డబ్బును దారిలో ఆపగలుగుతారు.

చివరి అడ్డంకిగా చెప్పేది, లాయరు మీద కేసు పట్టే లాయరు దొరకడని. చిన్న ఊళ్లలో ఈ భయానికి కారణం లేకపోలేదు. అయితే న్యాయసేవల అధికారాల చట్టం, 1987లోని 12వ సెక్షను ఉచిత న్యాయ సహాయానికి అర్హులైనవారిలో స్త్రీలను, షెడ్యూల్డు కులాలు, తెగలవారిని, దివ్యాంగులను ఆదాయంతో నిమిత్తం లేకుండా చేర్చింది. వారితో పాటు పారిశ్రామిక కార్మికులనూ చేర్చింది. ఉక్కు కార్మికులు, కార్మికుల ఇళ్ల స్త్రీలు నిండిన రిసాలిలో ఈ ఒక్క సెక్షను కిందనే ఎన్ని కుటుంబాలు అర్హత పొందుతాయో ఊహించడం కష్టం కాదు. దుర్గ్ జిల్లా న్యాయసేవల సంస్థ నియమించే న్యాయవాది ఎదుటి లాయరు మొహమాటానికి లోబడవలసిన పని లేదు.

అందుచేత లాయరు కార్యాలయం నుంచి తన కాగితాలు పొక్కాయని తెలిసినవారు ఆ రోజునే చేయవలసిన పనులు ఉన్నాయి. ఏ ఫైళ్లు పోయాయి, ఎప్పుడు తెలిసింది, సెర్ట్-ఇన్‌కు నివేదించారా అని లాయరుకు రిజిస్టరు పోస్టులో లేఖ రాసి ప్రతి ఉంచుకోవాలి. ఆధార్ వెబ్‌సైటులో వేలిముద్రలకు తాళం వేయాలి, బ్యాంకుకు తెలపాలి. వచ్చిన బెదిరింపు సందేశాలను, అనుమానాస్పద లావాదేవీల వివరాలను చెరపకుండా ఉంచాలి. వాటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను కోరే ధ్రువపత్రం జతచేయకపోతే అవి చెల్లకపోవచ్చు. ఆ తరవాత సంబంధిత రాష్ట్రపు ఐటీ కార్యదర్శికి 43ఏ కింద ఫిర్యాదు ఇవ్వాలి. ఆ ఫిర్యాదును 2027 మేకు ముందే ఇవ్వాలి.